సముద్రం లేని ఊరికి రానన్న మామ్మ

సమాధుల తోటలో పాస్టరు నవ్వకూడదు. ఇరవై ఏళ్ళ పైబడిన సేవలో నేనెప్పుడూ నవ్వలేదు. పోయిన నెల రాజమండ్రిలో నవ్వేశాను.

మా సంఘంలో ఒక పెద్దాయన పోయారు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. పెట్టె గోతిలోకి దింపాక, చుట్టూ బంధువులు తలలు వంచుకుని నిలబడి ఉండగా, బైబిల్లో చివరి పుస్తకం తెరిచి కొత్త ఆకాశం, కొత్త భూమి వచ్చే భాగం చదువుతున్నాను. పాత ఆకాశం పోతుంది, పాత భూమి పోతుంది, సముద్రం ఇక ఉండదు. ఆ మూడో మాట దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు తన్నుకొచ్చింది. జేబురుమాలు అడ్డం పెట్టుకుని దగ్గాను. అయ్యగారికి దుఃఖం ఆగడంలేదనుకుని పెద్దాయన కూతురు ఇంకా గట్టిగా ఏడ్చింది. ఇంటికొచ్చి సిగ్గుపడుతూ నా భార్యకి చెప్పాను. ఆవిడా నవ్వింది. మామ్మ గుర్తొచ్చిందా అని అడిగింది.

మామ్మే గుర్తొచ్చింది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. అయినా ఆ వాక్యం దగ్గర ఆవిడ అడ్డం పడకుండా నేను ముందుకు వెళ్ళలేను.

పాస్టరుగా నన్ను మొదట వేసిన ఊరు నరసాపురం దాటాక, కాలువ గట్టు వెంట పోయి పోయి, ఇక పోవడానికి రోడ్డు మిగలని చోట ఉంటుంది. ఒకవైపు గోదావరి పాయ, ఇంకోవైపు సముద్రం. ఊరంతా వేటకి వెళ్ళేవాళ్ళే, గంగమ్మని కొలిచేవాళ్ళే. మా సంఘంలో ఉన్నవి ఎనిమిది కుటుంబాలు. చర్చి అంటే నాలుగు గోడలు, పైన రేకులు, సముద్రం వైపు ఒక గుమ్మం. నేను పుట్టి పెరిగింది సామర్లకోటలో, రైలు కూతలు వింటూ. సముద్రాన్ని నేను చూడటం అంటే కాకినాడ బీచిలో పల్లీలు తింటూ చూడటమే.

మామ్మ మా సంఘం మనిషి కాదు. ఆవిడ కోడలు మాత్రం పుట్టింట్లో ఉన్నప్పుడే ప్రార్థనకి అలవాటు పడిన పిల్ల. అత్తగారు వద్దనలేదు. పైగా పసి మనవరాల్ని ఎత్తుకోవడానికి మనిషి కావాలి కదా అనే వంకతో ప్రతి ఆదివారం కోడలి వెనకే వచ్చి గడప మీద కూచునేది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. లోపలికి రండి మామ్మా అని పిలిస్తే, లోపలికొస్తే సముద్రం కనపడదండి అనేది. పోనీ బయట కుర్చీ వేయిస్తానంటే, బయటుంటే మీరు చెప్పేది వినపడదు కదండీ అనేది.

రేషను కార్డు మీద ఆవిడకో పేరు ఉండే ఉంటుంది. ఊళ్ళో ఎవరూ దాన్ని వాడగా వినలేదు. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా మామ్మా అనే పిలిచేవారు. ఆవిడ వ్యాపారం ఎండుచేపలు. నెత్తళ్ళు, సావళ్ళు ఉప్పు పట్టించి, ఇసక మీద పాత వల పరిచి, దాని మీద ఎండబెట్టేది. వారానికోసారి గంపతో పాలకొల్లు సంతకి బస్సెక్కేది. పక్కసీటు వాళ్ళు ముక్కు మూసుకుంటే ఆవిడకి కోపం రాకపోగా జాలి కలిగేది. కూర తినలేకపోతే పోనీ, వాసనైనా పీల్చుకోండి, ఊరికే వస్తోంది అని వాళ్ళని ఓదార్చేది.

ఆవిడ అడ్డచుట్ట కాల్చేది. అంటే నిప్పున్న కొస నోట్లో ఉంటుంది, చల్లగా ఉన్న కొస బయట ఉంటుంది. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా ఆ ఒడ్డున ఆడవాళ్ళు అలాగే కాలుస్తారు. నేను ప్రసంగం మొదలుపెట్టగానే దాన్ని ఆర్పేసి చెవి వెనక దోపుకునేది. ప్రసంగం నచ్చకపోతే మళ్ళీ తీసి వెలిగించేది. నా బోధ ఎలా ఉందో తెలుసుకోవడానికి నాకు వేరే ఎవరినీ అడగవలసిన అవసరం ఉండేది కాదు. వచ్చిన కొత్తలో రెండు వారాలు నరకాగ్ని గురించి చెప్పాను. ఎదురుగా గడప మీద ఒక ముసలావిడ నోట్లో నిప్పు పెట్టుకుని శ్రద్ధగా వింటూంటే ఆ ప్రసంగానికి రావలసిన పట్టు రాలేదు. మూడోవారం విషయం మార్చేశాను.

ఇంకో అలవాటుండేది. ఏదైనా తనకి పట్టని మాట వినిపిస్తే కుడిచెయ్యి ఒకసారి కిందికి విదిలించేది, వేళ్ళకి అంటుకున్న పొలుసు దులుపుకున్నట్టు. ఏ కొలత చెప్పినా చేతులు చాపి బారల్లోకి మార్చుకునేది. దేవుడు మనకి దూరంగా లేడు అని నేను ఒకసారి అంటే, ఎన్ని బారలుంటాడండీ అని గడప మీద నుంచి అడిగింది. వెటకారం కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

ఇక ఆ ఆదివారం సంగతి. బైబిలు కాలేజీలో చదివినదంతా తలలో పొంగుతున్న రోజులవి. అంత్యదినాల గురించి వరసగా చెప్పడం మొదలుపెట్టి, కొత్త భూమి దగ్గరికి వచ్చాను. సముద్రం అంటే అల్లకల్లోలానికి గుర్తు అని చెప్పాను. క్రూరమృగం పైకి లేచేది సముద్రంలోంచే. దుర్మార్గుల మనసుకి నెమ్మది లేదు, సముద్రానికీ నెమ్మది లేదు. మనుషుల్ని విడదీసేది అదే. అందుకని కొత్తలోకంలో దేవుడు సముద్రాన్నే ఉంచడు. ఇదంతా చెప్పి ఆగాను. రోజూ ప్రాణాలకి తెగించి సముద్రం మీదికి పోయే జనం కదా, అదిక ఉండదంటే ఎంత ఊరట పడతారో అనుకున్నాను.

ఎవరూ ఊరట పడలేదు. మొగవాళ్ళు చేతుల వైపు చూసుకుంటున్నారు. అప్పుడు గడప మీద నుంచి మామ్మ అడిగింది.

"ఆగండి అయ్యగారూ. ఏది ఉండదన్నారు?"

"సముద్రం, మామ్మా."

ఆవిడ వెనక్కి తిరక్కుండానే చెయ్యి వెనక్కి చూపించింది. "ఇదేనాండీ?"

ఇదీ, మిగతావీ అన్నీ అన్నాను. మరి అక్కడికెళ్ళాక మావాళ్ళేం చెయ్యాలి అని అడిగింది. అక్కడ కష్టపడి పనిచెయ్యక్కర్లేదు, దేవుణ్ణి స్తుతిస్తూ పాటలు పాడుకోవడమే అన్నాను. రోజంతానా అంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు గానీ ఆవిడ నవ్వలేదు. చెవి వెనక నుంచి చుట్ట తీసి వెలిగించింది.

అంతటితో పోయేదే. కానీ రెండు వారాల్లో ఆవిడ కోడలికి బాప్తిస్మం అనుకున్నాం. ఆ పిల్ల ఏళ్ళ తరబడి కోరుకుంటున్నది. మొగుడు అమ్మ మాటే నా మాట అన్నాడు, అమ్మ దాని ఇష్టం అంది. అలా కుదిరిన ముహూర్తం. ఆ సాయంత్రం కోడలు మా ఇంటికొచ్చి, నా భార్య ముందు కూచుని కళ్ళు తుడుచుకుంది. అత్తగారు వద్దన్నారట. తిట్టలేదట, అరవలేదట. చేపలు తిరగేస్తూ ఒక్కమాట అన్నారట. సముద్రం వద్దన్న దేవుడి దగ్గరికి నా ఇంటి పిల్లని పంపను, సముద్రం లేని ఊరికి నేనూ రాను.

తర్వాతి ఆదివారం గడప ఖాళీ. ఎనిమిది కుటుంబాల్లో ఐదే వచ్చాయి. నేను ఒడ్డున నడిచి వెళుతుంటే వలలు బాగుచేసుకునే వాళ్ళు తలెత్తి, అయ్యగారూ, ఇవాళ్టికింకా ఉందండి సముద్రం అని మర్యాదగా చెప్పేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. నేను ఇంట్లో కూచుని ఆవిడకి చెప్పాల్సిన జవాబు కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాను. నా భార్య ఆ కాగితం చూసి, మీరు ఆవిడకి ఏమీ చెప్పకండి, వెళ్ళి ఆవిడ చెప్పేది వినండి అంది.

వెళ్ళాను. వినడానికే వెళ్ళాను గానీ నోరు ఊరుకోలేదు. అది నిజం సముద్రం కాదు మామ్మా, ఒక సంకేతం, మనిషి గుండెలో ఉండే అల్లకల్లోలానికి అలా పేరు పెట్టారు అని మొదలుపెట్టాను. ఆవిడ నెత్తళ్ళు ఒక్కొక్కటే తిరగేస్తూ అంతా విన్నది.

"అలాగైతే గుండెలో అల్లకల్లోలం ఉండదు అని రాస్తే సరిపోయేది కదండీ. మధ్యలో దీని పేరెందుకండి?"

ఆవిడే మళ్ళీ, మీరెప్పుడైనా దీని మీదికి వెళ్ళారా అని అడిగింది. లేదన్నాను. ఆవిడకి అది నమ్మశక్యం కాలేదు. తినకుండా కూర బాగాలేదన్న మనిషిని చూసినట్టు చూసింది. తరవాత ఒక షరతు పెట్టింది. నా కొడుకు రేపు తెల్లారగట్ల బోటు తీస్తాడు, దాంట్లో వెళ్ళి రండి, వచ్చాక ఇది ఉండాలో అక్కర్లేదో మీరే చెప్పండి, మీరు ఏది చెబితే అదే ఖాయం, పిల్లని పంపేస్తాను అంది.

మర్నాడు తెల్లచొక్కా, తెల్లప్యాంటు వేసుకుని వెళ్ళాను. పాస్టరు కదా. మామ్మ ఒడ్డున నిలబడి నన్ను ఎగాదిగా చూసి చెయ్యి విదిలించింది. బోటుని నలుగురు నీళ్ళలోకి తోశారు, మామ్మ కొడుకూ ఇంకో ఇద్దరూ నాతో ఎక్కారు. ఒడ్డుకి దగ్గర్లో మూడు వరసల కెరటాలుంటాయి. మొదటిది దాటేటప్పుడు కీర్తన పాడుతున్నాను. రెండోది దాటేటప్పుడు ఆపేశాను. మూడోది దాటాక నేను బోటు అడుగున, తాళ్ళ మధ్య, ఏదో పట్టుకుని పడున్నాను. ఆ తర్వాత మూడు గంటల సేపు నా కడుపులో ఏదీ నిలవలేదు. నీళ్ళు తాగితే నీళ్ళు, నిమ్మకాయ చీకితే నిమ్మకాయ. వాళ్ళు వల వేశారు, లాగారు, పాటలు పాడుకున్నారు, నా మీదుగా దాటుతూ అటూ ఇటూ తిరిగారు. ఎవరూ నవ్వలేదు. ఆ మర్యాదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు ఒకచోట మామ్మ కొడుకు ఇంజను ఆపాడు. ఇల్లు చేరిపోయామేమోనని తల పైకెత్తాను. చుట్టూ నీళ్ళే. మిగతాచోట్ల ఎలా ఉందో అక్కడా అలాగే ఉంది. ముగ్గురూ వంగి దోసిట్లోకి నీళ్ళు తీసుకుని తలమీద చల్లుకున్నారు. ఏంటిక్కడ అని అడిగాను.

"మా నాన్నండి," అన్నాడు. అంతే. ఇంజను మళ్ళీ వేశాడు.

తుఫానులో వెళ్ళిన మనిషి అనీ, బోటు దొరికింది గానీ ఆయన దొరకలేదనీ తర్వాత తెలిసింది. నన్ను ఆవిడ పంపించింది కడుపు తిప్పడానికి కాదని మాత్రం అప్పుడే, ఆ తాళ్ళ మధ్యే, నాకు అర్థమైంది.

ఒడ్డున నన్ను ఇద్దరు దింపారు. ఇసక కూడా ఊగుతోంది. మామ్మ పులిసిన గంజిలో ఉప్పు వేసి తెచ్చింది. తాగేదాకా ఆగి, ఎదురుగా గొంతుక్కూచుంది.

"ఇప్పుడు చెప్పండి అయ్యగారూ. ఉంచుదామా, తీసేద్దామా?"

నిజమే చెప్పాను. "ఈ పూటకి తీసేస్తేనే బాగుండుననిపిస్తోంది మామ్మా."

ఆవిడ నవ్వింది. అంత నవ్వు నేను ఏ మనిషిలోనూ చూడలేదు. గొంతుక్కూచున్న మనిషి అలాగే ఇసకలోకి వెనక్కి పడి, పైట నోట్లో కుక్కుకుని, కాళ్ళు ఆడిస్తూ నవ్వింది. కోడలు పరిగెత్తుకొచ్చింది ఏమైందోనని. కాసేపటికి లేచి, కళ్ళు తుడుచుకుని, మామూలు గొంతుతో చెప్పడం మొదలుపెట్టింది. ఇంటాయన పోయినప్పుడు తనకీ అలాగే అనిపించిందట. ఆరునెలలు సముద్రం మొహం చూడలేదట. పొయ్యి ఇటునుంచి అటు మార్చుకుని, దానికి వీపు పెట్టి వండుకుందట.

తర్వాతేమైంది అని అడిగాను.

"తర్వాత ఆకలేసిందండి," అంది. "పిల్లలకి కూడాను. మళ్ళీ ఇటు తిరిగాను."

అప్పుడు ఆవిడ చాలా మెల్లిగా, మీ పుస్తకంలో ఇది ఉండదని రాశారు సరే, దీంట్లో ఉన్నవాళ్ళ సంగతి ఏమైనా రాశారా అని అడిగింది. రాశారు. సముద్రం ఉండదనే మాటకి కొంచెం పైనే ఉంది. సముద్రం తనలో ఉన్న చనిపోయినవాళ్ళని తిరిగి అప్పగిస్తుంది అని. ప్రసంగంలో నేను దాన్ని చదవలేదు. తీర్పు గురించి ఇంకో వారం చెబుదామని దాటేశాను. ఇప్పుడు ఆవిడకి చెప్పాను.

ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "ముందు అప్పజెబుతుంది. ఆ తర్వాత పోతుంది. అంతేనాండీ?"

అంతే మామ్మా అన్నాను.

"ఒక్కళ్ళని కూడా ఉంచుకోదు కదండీ?"

"ఒక్కళ్ళని కూడా ఉంచుకోదు."

"మరి అలా చెప్పాలి కదండీ," అంది. కోపం లేదు, పిల్లవాడి లెక్క దిద్దే టీచరులా ఉంది ఆ గొంతు. "చివరి ముక్క ముందు చెప్పేస్తే ఎవరికైనా భయమేస్తుంది కదా."

ఇన్నేళ్ళలో నా ప్రసంగం మీద ఎవరూ ఇంతకన్నా సరైన మాట చెప్పలేదు. ఆ రోజు నుంచి చివరి ముక్క ముందు చెప్పకుండా ఉండటానికే ప్రయత్నిస్తున్నాను.

బాప్తిస్మం అనుకున్న రోజుకే అయింది. కాలువలో ఇద్దామని నా ఆశ. నీళ్ళు కదలవు, అడుగు తెలుస్తుంది. కాలువలో గేదెల్ని కడుగుతారు, నా కోడలికి సముద్రమే అని మామ్మ తేల్చేసింది. నడుము లోతు నీళ్ళలో కోడలిని పట్టుకుని నేను, నన్ను పట్టుకుని మామ్మ. నా నడుము చుట్టూ తాడు కట్టినట్టు చెయ్యి వేసి, కెరటం వచ్చినప్పుడల్లా ఇప్పుడు కాదండి, ఇప్పుడు కాదండి అని చెవిలో చెబుతోంది. చివరికి ఇప్పుడండి అంది. నేను కోడలిని ముంచాను. అదే క్షణాన ఆవిడ లెక్కకి కూడా అందని కెరటం ఒకటి వచ్చి ముగ్గుర్నీ ముంచేసింది. పైకి లేచేసరికి ఒడ్డున ఊరంతా గోల. మామ్మకి కూడా అయిపోయింది బాప్తిస్మం అని ఎవరో కేకేశారు. నాకు రోజూ అవుతుందిరా అని ఈవిడ జవాబిచ్చింది. కోడలు మాత్రం ఏమీ వినిపించుకోకుండా, తడిజుట్టుతో, రెండుచేతులూ జోడించి నిలబడి ఉంది. మామ్మ తన పైట పిండి ఆ పిల్ల మొహం తుడిచింది.

ఆదివారం గడప మీదికి మళ్ళీ వచ్చి కూచుంది. లోపలికి మాత్రం రాలేదు. ఐదేళ్ళున్నాను ఆ ఊళ్ళో. రమ్మని నేనూ మళ్ళీ అడగలేదు. ఆవిడ ఎక్కడుందో ఆవిడకి బాగా తెలుసనిపించేది.

ఆ ఐదేళ్ళూ సముద్రం కనిపించే వాక్యం ఏది చదివినా ఆవిడకి నేను లెక్క చెప్పాల్సిందే. ఏడు తలలు, పది కొమ్ములతో సముద్రంలోంచి లేచే మృగం గురించి చెప్పినప్పుడు, మావాళ్ళ వలలో ఇంతవరకూ పడలేదండి, పడితే ముందు మీకే తెచ్చి చూపిస్తాం అని హామీ ఇచ్చింది. దేవుని సింహాసనం ముందు గాజులాంటి సముద్రం ఉంటుందని చదివిన రోజు మాత్రం ఏమీ అడగలేదు. చుట్ట కూడా వెలిగించలేదు. తర్వాత ఒక చలికాలం పొద్దున్నే మా తలుపు కొట్టి, రండి అయ్యగారూ, మీ గాజుసముద్రం వచ్చింది అని నన్నూ నా భార్యనీ ఒడ్డుకి తీసుకెళ్ళింది. గాలి లేదు. ఒక్క కెరటం లేదు. ఆకాశం ఎక్కడ ఆగిందో నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియడంలేదు. ఏడాదికి ఒకటి రెండు రోజులు ఇలా ఉంటుందండి, మాకు వేట ఉండదు గానీ చూడ్డానికి బాగుంటుంది అంది. ముగ్గురం ఎండెక్కేదాకా చూస్తూ నిలబడ్డాం.

నన్ను రాజమండ్రి మార్చాక ఆ ఊరు వెళ్ళడం తగ్గిపోయింది. చివరిసారి వెళ్ళింది రెండేళ్ళ కిందట. సముద్రం ముందుకొచ్చేసింది. మొదటి వీధి లేదు. మా పాత చర్చి లేదు, ఆ గడపా లేదు. ఒడ్డునున్న వాళ్ళందరికీ లోపలికి రెండు కిలోమీటర్ల దూరంలో ఇళ్ళు కట్టి ఇచ్చారు. మామ్మ ఆ కాలనీలో, అరుగు మీద, చూపు సగం పోయి, చుట్ట మాత్రం పోకుండా కూచుని ఉంది. నా గొంతు వినగానే గుర్తుపట్టింది.

"మీరు పోతుందన్నారు," అంది నవ్వుతూ. "అది ఇంట్లోకే వచ్చిందండి."

ఆ సాయంత్రం ఆటో మాట్లాడి, ఆవిడనీ కోడలినీ ఎక్కించుకుని గోదావరి సముద్రంలో కలిసే చోటికి వెళ్ళాం. చూడాలని ఆవిడే అడిగింది. ఆ చోట నీళ్ళు రెండు రంగులుగా ఉంటాయి. ఆవిడకి రంగులు కనపడలేదు గానీ, అటు చెవి పెట్టి చప్పుడు విన్నది. తర్వాత అడిగింది. కొత్తలోకంలో నది ఉంటుందని మీరే కదా ఒకసారి చెప్పారు, స్ఫటికంలా మెరిసే నది, దానికి ఇటూ అటూ చెట్లు.

చెప్పాను, రాసి ఉంది అన్నాను.

"సముద్రం లేకపోతే ఆ నది ఎక్కడికి పోతుందండీ?"

గోదావరి జిల్లాల్లో పుట్టి, గోదావరి నీళ్ళు తాగి, బైబిలు కాలేజీలో చదువుకుని, ఆ ప్రశ్న నాకు ఒక్కనాడూ తట్టలేదు. తెలీదు మామ్మా అన్నాను. ఆవిడ చాలా సంతోషించింది. పుస్తకం తియ్యకుండా మీరు తెలీదనడం ఇదే మొదటిసారి అని కోడలితో చెప్పింది. కనుక్కుని ఫోను చెయ్యండి అంది నాతో.

రాజమండ్రి వచ్చి నలుగురైదుగురు పెద్ద పాస్టర్లని అడిగాను. అది ఆధ్యాత్మిక నది, ఎక్కడికీ పోనక్కర్లేదు అన్నారు. ఆ జవాబుతో ఫోను చేస్తే ఏమవుతుందో తెలుసు కాబట్టి చెయ్యలేదు. వారం పదిరోజులు గడిచాయి. ఒకరోజు పొద్దున కాఫీ తాగుతూ పాతనిబంధనలో ఒక ప్రవక్త కన్న దర్శనం చదువుతున్నాను. ఎన్నోసార్లు చదివిందే. దేవాలయం గుమ్మం కిందనుంచి నీళ్ళు ఊరతాయి. చీలమండల లోతు, మోకాళ్ళ లోతు, నడుము లోతు, తర్వాత ఈదవలసినంత నది. అది వెళ్ళి వెళ్ళి సముద్రంలో పడుతుంది. పడ్డాక ఆ సముద్రపు నీళ్ళు బాగుపడతాయి. కాఫీ అక్కడే పెట్టేసి కోడలి నంబరుకి ఫోను చేశాను. అత్తయ్యా, అయ్యగారు అని ఆ పిల్ల ఫోను ఇచ్చింది.

దొరికింది మామ్మా, నది సముద్రంలోకే పోతుంది, ఉప్పునీళ్ళు మంచినీళ్ళయిపోతాయి, సముద్రం పోవడమంటే బహుశా ఇదేనేమో అని ఒక్క గుక్కలో చెప్పాను. ఆవిడ తొందరపడలేదు. చేపలుంటాయా అని అడిగింది. లెక్కలేనన్ని ఉంటాయని రాసి ఉందన్నాను. పట్టేవాళ్ళుంటారా అంది. ఒడ్డు పొడుగునా వలలతో నిలబడి ఉంటారన్నాను.

"మరి ఉప్పండీ? నీళ్ళన్నీ తియ్యగా అయిపోతే ఎండుచేపలకి ఉప్పెక్కడిది?"

పేజీ మీద వేలు పెట్టి చూశాను. ఉంది. కింద వాక్యంలోనే ఉంది. బురదనేలలు మాత్రం ఉప్పు కోసం అలాగే ఉంచేస్తారు మామ్మా అని చదివాను. అటునుంచి హమ్మయ్య అని వినిపించింది. బాగా రాశారండి ఎవరో, తెలిసిన మనిషి అంది.

ఇంకోటి కూడా ఉంది అన్నాను. ఆ ఒడ్డు వలలు పరుచుకోవడానికి చోటుగా ఉంటుందని రాసి ఉంది, ఈ చివరి ఊరి నుంచి ఆ చివరి ఊరిదాకా.

లైను పోయిందేమోనని హలో హలో అన్నాను. లైను ఉంది. కాలనీలో ఎవరో మోటారు బండి తీస్తున్న చప్పుడు వస్తోంది. ఒడ్డు కోసుకుపోయినప్పటి నుంచి మా వాళ్ళు తారురోడ్డు మీద వలలు ఆరేసుకుంటున్నారండి, లారీవాళ్ళు తొక్కించుకుంటూ పోతున్నారు అని మెల్లిగా చెప్పింది. తర్వాత ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, నా చెవులు గింగుర్లెత్తేలా కోడలిని కేకేసింది.

"ఏమే, ఇలా రా. అక్కడ ఒడ్డు ఉంటుందంట. మన వలలకి చోటుంటుందంట."